"ఇప్పుడు మనం ఏ దేశంలో ఉన్నాం బాబూ?" పాలస్తీనా వార్త చదివే పద్ధతి

యెరికో దాటి మా బస్సు యెరూషలేము వైపు కొండెక్కుతోంది. రెండో సీట్లో కూర్చున్న పెద్దావిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. "బాబూ, పొద్దున జోర్డాన్‌లో టిఫిన్ తిన్నాం. ఇప్పుడు మనం ఏ దేశంలో ఉన్నాం?" అని అడిగింది.

నోరు తెరిచాను గానీ మాట రాలేదు. పాస్‌పోర్టు చూసింది ఇజ్రాయెల్ వాళ్ళు. మధ్యాహ్నం భోంచేసిన ఊళ్ళో ఎగిరేది పాలస్తీనా జెండా. ఊరు దాటగానే రోడ్డు మళ్ళీ ఇజ్రాయెల్ సైన్యం చేతిలోకి వచ్చింది. హోటల్లో బిల్లు ఇజ్రాయెల్ కరెన్సీ షెకెళ్ళలో ఇచ్చారు, నా దగ్గర జోర్డాన్ దినార్లు ఉన్నాయంటే అవీ తీసుకున్నారు. "దేవుని దేశంలో ఉన్నామమ్మా" అని నవ్వేసి తప్పించుకున్నాను. ఆవిడ నవ్వలేదు. మంచి ప్రశ్నకి తిక్క సమాధానం చెప్పానని ఆ రాత్రంతా నాకే అనిపించింది.

పరిశుద్ధ భూమి యాత్రకి బృందాలను తీసుకెళ్ళడం నా పని. రాజకీయ శాస్త్రం చదువుకోలేదు. బ్రిడ్జిల దగ్గర, చెక్‌పోస్టుల దగ్గర గంటలకొద్దీ నిలబడ్డాను, నిలబడ్డప్పుడు ఏం చేస్తాం, ఆలోచిస్తాం. అలా తయారైన పద్ధతి ఇది. "ఫలానా దేశం పాలస్తీనాను గుర్తించింది", "జోర్డాన్ ఖండించింది", "ఈజిప్టు ఒప్పుకోలేదు" అని వార్త రాగానే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ నేలను ఎవరు గుర్తించారు? ఎవరు పాలిస్తున్నారు? తలుపు తాళం ఎవరి దగ్గరుంది? మూడూ అవసరమే, కానీ ఎక్కువమంది మొదటి దాని దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే మూడో దాని నుంచి మొదలుపెట్టండి.

ముందు కాగితం తీసుకోండి

ఫోన్లో మ్యాపు చూడొద్దు, చేత్తో గీయండి. ఎడమ పక్క పై నుంచి కిందకి ఒక గీత, అది మధ్యధరా సముద్రం. కుడి పక్క ఇంకో గీత, అది యొర్దాను నది, మృత సముద్రం. మన బైబిల్లో యొర్దాను అని చదివేది, పేపర్లో జోర్డాన్ అని రాసేది ఒకటే మాట. నది పేరే దేశం పేరైంది. ఆ సంగతి తెలిశాక చాలామంది యాత్రికులకి సగం భూగోళం అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ రెండు గీతల మధ్య మూడో గీత. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి ఈ నేలను రెండు రాజ్యాలుగా విడదీయాలని 181వ తీర్మానం చేసింది. యెరూషలేము ఇద్దరికీ కాకుండా అంతర్జాతీయ పాలనలో ఉండాలంది. అరబ్బులు ఒప్పుకోలేదు. 1948 మేలో ఇజ్రాయెల్ ఏర్పడింది, యుద్ధం వచ్చింది, దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. 1949లో ఈజిప్టు, లెబనాన్, జోర్డాన్, సిరియాలతో వరసగా కాల్పుల విరమణ ఒప్పందాలు జరిగాయి. అప్పుడు మ్యాపు మీద ఆకుపచ్చ సిరాతో గీసిన గీతే గ్రీన్ లైన్. ఆ గీతకి తూర్పున నది దాకా ఉన్నది వెస్ట్ బ్యాంక్, సుమారు 5,650 చదరపు కిలోమీటర్లు. నైరుతి మూలన సముద్రం పక్కన సన్నటి పట్టీ గాజా, 365 చదరపు కిలోమీటర్లు. మొదటిది జోర్డాన్ తనలో కలిపేసుకుంది. రెండోది ఈజిప్టు పాలించింది. 1967 జూన్ యుద్ధంలో రెండూ ఇజ్రాయెల్ చేతికి వచ్చాయి. ఇవాళ "1967 సరిహద్దులు" అని వార్తల్లో వినిపిస్తే అది ఆ యుద్ధానికి ముందు రోజున ఉన్న గీత, అంటే ఈ 1949 ఆకుపచ్చ గీతే. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని వాదనలు పెరుగుతాయో.

ఇక తలుపులు గుర్తుపెట్టండి. మీ కాగితం మీద వెస్ట్ బ్యాంక్ గానీ గాజా గానీ పొరుగు దేశానికి తగిలే చోట్లు ఎన్ని? రెండే. తూర్పున జోర్డాన్, నది మీద బ్రిడ్జి. గాజా కింద ఈజిప్టు, రఫా. లెబనాన్, సిరియా ఎక్కడా తగలవు. అవి పాలస్తీనాకి నేల ద్వారా పొరుగు కాదు, మనుషుల ద్వారా పొరుగు. ఆ మనుషుల సంగతి తర్వాత చెప్తాను.

మా బృందాలు బాప్తిస్మం కోసం వెళ్ళే కస్ర్ అల్ యహూద్ అనే రేవుకి మీరు వెళ్తే ఈ కాగితం కళ్ళముందు కనిపిస్తుంది. బస్సు వెళ్ళే దారికి అటూ ఇటూ మందుపాతరల హెచ్చరిక బోర్డులు ఉంటాయి. నది ఎంతో పెద్దదనుకుని వస్తారు అందరూ. తీరా చూస్తే కొద్ది మీటర్ల వెడల్పు, బురద రంగు నీళ్ళు. ఇవతల మావాళ్ళు తెల్ల గౌన్లలో నీళ్ళలోకి దిగుతుంటారు. అవతల జోర్డాన్ ఒడ్డున ఇంకేదో దేశపు బృందం అవే తెల్ల గౌన్లలో. పాట పాడితే అవతలివాళ్ళకి వినబడుతుంది, చెయ్యి ఊపితే ఊపుతారు. రెండు వైపులా తుపాకులతో సైనికులు. అవతల సైనికుడు జోర్డాన్ వాడు. ఇవతల ఒడ్డు వెస్ట్ బ్యాంక్, ఇజ్రాయెల్‌లో భాగం కాదని ప్రపంచంలో అత్యధిక దేశాలు అనే నేల, కానీ నిలబడ్డది ఇజ్రాయెల్ సైనికుడు. పాలస్తీనా యూనిఫాం ఎక్కడా కనబడదు.

బ్రిడ్జికి మూడు పేర్లు

ఇజ్రాయెల్ వాళ్ళకి అది అలెన్బీ. జోర్డాన్ వాళ్ళకి కింగ్ హుస్సేన్ బ్రిడ్జి. పాలస్తీనీయులకి అల్ కరామా. వార్తలో ఏ పేరు వాడారో చూస్తే రాసినవాడు ఎటు వైపు కుర్చీ వేసుకున్నాడో కొంత తెలుస్తుంది. వెస్ట్ బ్యాంక్ మనిషి విదేశానికి పోవాలంటే మామూలుగా దారి ఇదొక్కటే. విమానాశ్రయం లేదు. గాజాలో ఒకటి కట్టారు, 1998లో తెరిచారు, మూడేళ్ళు కూడా నడవకుండానే మూతపడింది, తర్వాత రన్‌వేని బుల్డోజర్లతో దున్నేశారు.

ఈ బ్రిడ్జి మీద నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను, పాఠం దాన్లోనే ఉంది. మేం వెళ్ళిన రోజుల్లో జోర్డాన్‌కి ఒకే ప్రవేశం ఉన్న వీసా తీసుకుని, ఈ బ్రిడ్జి మీదుగా అవతలికి వెళ్ళి, గడువులోపల ఇదే బ్రిడ్జి మీదుగా తిరిగొస్తే కొత్త వీసా అడిగేవాళ్ళు కాదు. అలవాటైపోయింది. ఒకసారి మాకు బస్సులు ఏర్పాటు చేసినవాళ్ళు కార్యక్రమం మార్చి ఉత్తరాన షేక్ హుస్సేన్ బ్రిడ్జి మీదుగా వెనక్కి రప్పించారు. అక్కడ కౌంటర్లో ఆయన వీసాలు చూసి, "ఇవి అయిపోయాయి, కొత్తవి కావాలి" అన్నాడు. 42 మంది, సగం మంది వయసు మీద పడ్డవాళ్ళు, ఎండ. సగం రోజు అక్కడే పోయింది, టెన్షన్‌తో నాకు బీపీ వచ్చినంత పనైంది.

తేడా ఎందుకు? ఉత్తర బ్రిడ్జికి అవతల ఉన్నది ఇజ్రాయెల్, రెండు దేశాల మధ్య అచ్చమైన సరిహద్దు. అక్కడ దాటితే జోర్డాన్ లెక్కలో దేశం విడిచినట్టే. దక్షిణ బ్రిడ్జికి అవతల ఉన్నది వెస్ట్ బ్యాంక్. 1950 నుంచి అది తనదేనన్న జోర్డాన్, 1988 జూలై 31న రాజు హుస్సేన్ నోట "ఇక దాంతో మాకు పాలనా సంబంధం లేదు" అనిపించింది. పాలస్తీనీయులకి వదిలేసింది, ఇజ్రాయెల్‌కి కాదు. అవతల ఇజ్రాయెల్ దేశం మొదలవుతుందని ఒప్పుకునేలా ముద్ర వెయ్యడం దానికిష్టం లేదు. కాబట్టి ఆ బ్రిడ్జి దాటినవాడు పూర్తిగా బయటికి పోయినట్టు లెక్క కాదు. నాకు అర్థమైనంతలో ఆ వీసా నియమం వెనకున్నది ఇదే.

1994లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య ఒప్పందాల ప్రకారం ఈ బ్రిడ్జి దగ్గర కొన్నాళ్ళు పాలస్తీనా ఆఫీసర్లు కూడా కూర్చున్నారు. ముందు కౌంటర్లో పాలస్తీనా ఆఫీసర్ పాస్‌పోర్టు తీసుకునేవాడు, వెనక నల్లద్దం, అద్దం వెనక ఇజ్రాయెల్ ఆఫీసర్. వచ్చినవాడికి కనిపించేది పాలస్తీనా ముఖం, నిర్ణయం అద్దం వెనకది. రెండో ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు, మొదలయ్యాక ఆ ఏర్పాటూ పోయింది. "పాలస్తీనాకి ఫలానా అధికారం ఇచ్చారు" అనే వార్త చదివినప్పుడల్లా ఆ అద్దం ఎక్కడుందా అని వెతుకుతాను.

మాటలు విడదీయడం

గుర్తింపు వేరు, సభ్యత్వం వేరు. గుర్తింపు ఏ దేశానికి ఆ దేశం ఇచ్చేది. 1988 నవంబర్ 15న అల్జీర్స్‌లో పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ పాలస్తీనా రాజ్యాన్ని ప్రకటించాడు, భారత్ ఆ ఏడాదే గుర్తించింది. ఇప్పటికి గుర్తించిన దేశాలు 150 దాటాయి. సభ్యత్వం ఐక్యరాజ్యసమితిది. భద్రతా మండలిలో 15లో 9 ఓట్లు రావాలి, అయిదు శాశ్వత దేశాల్లో ఏదీ వీటో చెయ్యకూడదు, ఆ తర్వాత సర్వసభ్య సభలో మూడింట రెండు వంతులు. 2024 ఏప్రిల్ 18న 12 దేశాలు సరేనన్నాయి, అమెరికా వీటో చేసింది, అక్కడితో ఆగింది. కాబట్టి 2012లో సర్వసభ్య సభ 138 ఓట్లతో ఇచ్చిన "సభ్యత్వం లేని పరిశీలక రాజ్యం" హోదాయే ఇప్పటికీ. వాటికన్‌ది కూడా అదే హోదా అని చెప్తే మా పాస్టరుగారొకరు ఆశ్చర్యపోయారు.

పాలస్తీనా పేరుతో మాట్లాడేవాళ్ళూ ఒక్కరు కాదు. పీఎల్ఓ, అంటే పాలస్తీనా విమోచన సంస్థ, 1964లో పుట్టింది, ఇజ్రాయెల్‌తో ఒప్పందాల మీద సంతకం దానిది. పాలస్తీనా అథారిటీ ఆ ఒప్పందాల వల్ల వచ్చిన స్థానిక ప్రభుత్వం, వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాలో ఉంటుంది. సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ 2007లో గాజాను అథారిటీ నుంచి లాక్కుంది. "పాలస్తీనా ఒప్పుకుంది" అని ఎవరైనా రాస్తే ఈ ముగ్గురిలో ఎవరని అడగండి.

రెండో ప్రశ్న, ఎవరు పాలిస్తున్నారన్నది, 1995 ఒప్పందం ప్రకారం మూడు ఇంగ్లీషు అక్షరాలు: 'ఏ', 'బీ', 'సీ'. 'ఏ' ప్రాంతంలో పోలీసూ, మున్సిపాలిటీ రెండూ అథారిటీవి. బీలో మున్సిపల్ పనులు అథారిటీవి, భద్రత ఇజ్రాయెల్‌ది. సీలో రెండూ ఇజ్రాయెల్‌వే. వెస్ట్ బ్యాంక్‌లో 'ఏ' సుమారు 18 శాతం, బీ 22, మిగతా 60 సీ. అయిదేళ్ళ తాత్కాలిక ఏర్పాటు అన్నారు, ఇంకా అదే నడుస్తోంది. బేత్లెహేము 'ఏ' ప్రాంతం. ఊరి మొగలో ఎర్ర బోర్డు ఉంటుంది, హీబ్రూలో, అరబిక్‌లో, ఇంగ్లీషులో: ఈ దారి 'ఏ' ప్రాంతానికి పోతుంది, ఇజ్రాయెల్ పౌరులకి ప్రవేశం లేదు, ప్రాణాలకి ప్రమాదం. అందుకే మా యూదు గైడు అక్కడికి ముందే దిగిపోయేవాడు, లోపల పాలస్తీనా క్రైస్తవ గైడు ఎక్కేవాడు. ఆ పెద్దావిడ ప్రశ్నకి యెరికోలో ఒక జవాబు, యెరికో దాటాక ఇంకో జవాబు రావడానికి కారణం ఈ అక్షరాలే.

పొరుగువాళ్ళ భయం ఏమిటో కనుక్కోండి

ప్రతి పొరుగు దేశానికీ పాలస్తీనా మీద ప్రేమ ఉండొచ్చు. కానీ వాళ్ళ ప్రకటన అర్థం కావాలంటే ప్రేమ కంటే భయాన్ని పట్టుకోవడం తేలిక.

జోర్డాన్ భయం పేరు "ప్రత్యామ్నాయ మాతృభూమి". అంటే, పాలస్తీనీయులకి వేరే దేశం ఎందుకు, జోర్డానే వాళ్ళ దేశం అని ఎవరో ఒకరోజు తేల్చేస్తారేమోనన్న భయం. జోర్డాన్‌లో నమోదైన పాలస్తీనా శరణార్థులే 20 లక్షలకు పైన, ఎక్కువమందికి అక్కడి పౌరసత్వం ఉంది. రాణి రానియా కూడా పాలస్తీనా కుటుంబంలో పుట్టినావిడే. 1970 సెప్టెంబర్‌లో పీఎల్ఓకీ రాజు సైన్యానికీ మధ్య అంతర్యుద్ధం నడిచింది, ఆ గాయం మర్చిపోలేదు. అందుకే జోర్డాన్‌కి పాలస్తీనా రాజ్యం కావాలి, నదికి పడమట కావాలి, త్వరగా కావాలి. అదే సమయంలో 1994 అక్టోబర్ 26న ఇజ్రాయెల్‌తో చేసుకున్న శాంతి ఒప్పందమూ తెంచుకోదు. ఆ ఒప్పందం తొమ్మిదో అధికరణంలో యెరూషలేములోని ముస్లిం పవిత్ర స్థలాలపై జోర్డాన్‌కి ప్రత్యేక పాత్ర ఉందని రాసుంది. అక్కడి అల్ అక్సా మసీదు ఆవరణలోకి వెళ్తే గేటు దగ్గర ఇజ్రాయెల్ పోలీసు తనిఖీ చేస్తాడు, లోపల చూసుకునే వక్ఫ్ కాపలాదారుకి జీతం జోర్డాన్ ఇస్తుంది. మా బృందంలో ఒకాయన అక్కడ కళ్ళు మూసుకుని చేతులెత్తాడు. ముస్లిమేతరులు ప్రార్థన చెయ్యకూడదు, నేను ముందే చెప్పాను, ఆయన పరవశంలో మర్చిపోయాడు. వక్ఫ్ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "అల్ అక్సాలో ఉద్రిక్తత, జోర్డాన్ నిరసన" అనే వార్తలో జోర్డాన్‌కేం పని అని ఇంకెప్పుడూ అనుకోకండి.

మా డ్రైవరు ఒకసారి టీ తాగుతూ తన కార్డులన్నీ బల్ల మీద పెట్టాడు. తూర్పు యెరూషలేములో పుట్టినవాడు. ఇజ్రాయెల్ ఇచ్చిన నీలం గుర్తింపు కార్డు, దానితో నివాసం ఉండొచ్చు గానీ పౌరుడు కాడు. ప్రయాణానికి జోర్డాన్ పాస్‌పోర్టు, దాంతోనూ అక్కడి పౌరుడు కాడు. బస్సుకి ఇజ్రాయెల్ పసుపు నంబరు ప్లేటు. "నువ్వెవరు?" అంటే "ఫలస్తీనీ" అన్నాడు, అది రాసున్న కార్డు మాత్రం ఆ బల్ల మీద లేదు.

ఈజిప్టు భయం సినాయి, గాజా పక్కనున్న తన ఎడారి నేల. 1967లో పోయిన సినాయిని ఇజ్రాయెల్‌తో 1979 ఒప్పందం చేసుకుని వెనక్కి తెచ్చుకుంది, దానికి పదేళ్ళపాటు అరబ్ లీగ్ నుంచి బయట ఉండాల్సి వచ్చింది. 1982లో సరిహద్దు గీత వెనక్కి వచ్చినప్పుడు అది రఫా ఊరి నడిమధ్య నుంచి పోయింది. కెనడా క్యాంపు అనే శరణార్థి శిబిరం ఈజిప్టు వైపు చిక్కుకుపోయింది. ఇటు తల్లి, అటు కూతురు, కంచెకి అటూ ఇటూ నిలబడి కేకలేసుకుని మాట్లాడుకునేవాళ్ళు. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక అక్కడి జనాన్ని సినాయిలోకి రానివ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా ఈజిప్టు ససేమిరా అనడానికి కారణం ఒక్కటే: వచ్చినవాళ్ళని తిరిగి వెళ్ళనివ్వరు, 1948లో అదే జరిగింది, అప్పుడు గాజా సమస్య తన నేల మీద పోరాటంగా మారుతుంది. హమాస్ మూలాలు ఈజిప్టు ప్రభుత్వం నిషేధించిన ముస్లిం బ్రదర్‌హుడ్‌లో ఉండటం కూడా కైరోకి గిట్టదు. అయినా మధ్యవర్తిగా హమాస్‌తో మాట్లాడేది కైరోనే. రఫా తలుపు ఈజిప్టుదే అనుకునేవాణ్ణి. 2024 మేలో అటు వైపు గేటు ఇజ్రాయెల్ సైన్యం పట్టుకోగానే, తలుపుకి రెండు రెక్కలుంటాయని తెలిసింది.

లెబనాన్‌ది లెక్కల భయం. పదవులన్నీ మతశాఖల వారీగా పంచుకున్న దేశం. అక్కడి శరణార్థుల్లో ఎక్కువమంది సున్నీలు, పౌరసత్వమిస్తే తూకం చెడుతుంది. రాజ్యాంగ పీఠికలోనే వాళ్ళను స్థిరపరచడం కుదరదని రాసుకున్నారు. డెబ్బయ్యేళ్ళకు పైగా 12 శిబిరాల్లో ఉన్నా సొంత ఇల్లు కొనే హక్కు లేదు, చాలా వృత్తులు చెయ్యనివ్వరు. సిరియా 1956లోనే పౌరసత్వం తప్ప దాదాపు అన్ని హక్కులూ ఇచ్చింది. దాని తగాదా ముఖ్యంగా 1967లో ఇజ్రాయెల్ తన దగ్గర్నుంచి తీసుకున్న గోలన్ కొండల గురించి.

సౌదీ పొరుగు కాదు గానీ వరస ఎలా ఉండాలో చెప్పింది అదే. 2002 బీరూట్ ప్రతిపాదన: ముందు పాలస్తీనా రాజ్యం, తర్వాత అరబ్ దేశాలన్నీ ఇజ్రాయెల్‌తో సంబంధాలు. 2020లో యూఏఈ, బహ్రెయిన్ పాలస్తీనా రాజ్యం రాకముందే ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకుని ఆ వరసను తిప్పేశాయి. సౌదీ గురించి ఏ వార్త వచ్చినా ఏది ముందు, ఏది తర్వాత అని మాత్రమే చూడండి.

డబ్బు సంగతి

దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇజ్రాయెల్, పీఎల్ఓల మధ్య 1994లో జరిగిన పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనాకి వచ్చే సరుకు మీద దిగుమతి సుంకం ఇజ్రాయెల్ వసూలు చేసి, 3 శాతం తన ఖర్చు కింద ఉంచుకుని, నెలనెలా అథారిటీకి పంపాలి. అథారిటీ ఆదాయంలో పెద్ద వాటా ఇదే. రాజకీయం వేడెక్కినప్పుడల్లా ఆ డబ్బు ఆగుతుంది, టీచర్లకి సగం జీతాలు వస్తాయి. సొంత నోటు లేదు, షెకెల్ వాడాలి. యెరికో హోటల్లో నా బిల్లు గుర్తుందిగా.

ఒక వార్తతో చేసి చూద్దాం

2025 సెప్టెంబర్ 21న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ పాలస్తీనాను గుర్తించాయి. మర్నాడు ఫ్రాన్స్. టీవీలో పండగ. మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది, పైగా బరువైన జవాబే, ఎందుకంటే 1948 దాకా ఆ నేలను పాలించింది బ్రిటనే. రెండో ప్రశ్న: బేత్లెహేము మొగలో ఎర్ర బోర్డు కదిలిందా? లేదు. సభ్యత్వం మారిందా? వీటో అక్కడే ఉంది.

మూడో ప్రశ్నకి బ్రిడ్జి వార్త వెతకాలి. ఆ నెల 18న సహాయ సామగ్రి లారీ నడుపుతూ జోర్డాన్ నుంచి వచ్చిన డ్రైవరు ఆ బ్రిడ్జి దగ్గర కాల్పులు జరిపి ఇద్దరు ఇజ్రాయెలీలను చంపాడు. గుర్తింపు ప్రకటనలు వచ్చిన రెండు మూడు రోజులకి, 24 నుంచి బ్రిడ్జి మూసేస్తున్నామని ఇజ్రాయెల్ చెప్పింది. కొద్ది రోజులకి ప్రయాణికులకి మళ్ళీ తెరిచారు. మొదటి వార్త పతాక శీర్షిక, రెండోది లోపలి పేజీలో చిన్న ముక్క. ఆ రోజు మా డ్రైవరుకి మెసేజ్ పెట్టాను, "మిమ్మల్ని బ్రిటన్ గుర్తించిందట కదా" అని. "అవును. మా చెల్లెలు అమ్మాన్‌లో ఉండిపోయింది, బ్రిడ్జి ఎప్పుడు తెరుస్తారో నీకేమైనా తెలుసా?" అని జవాబు వచ్చింది.